అమ్మ నోట్‌బుక్ చెప్పినంత కూడా ఆ యాప్ చెప్పలేదు

పొద్దున జరిగిందిది. ఇంకా కోపం చల్లారలేదు, అందుకే రాస్తున్నా.

అమ్మకి పెన్షన్ పడిందో లేదో చూసుకోవాలి. అంతే పని. బ్యాంకు వాళ్లు పాత యాప్ తీసేసి కొత్తది పెట్టారు. పిన్ కొట్టగానే స్క్రీన్ మొత్తం నల్లబడింది. ఓ మూల ఒక బటన్ చుట్టూ తెల్లటి గుండ్రం, పక్కన చిన్న అక్షరాల్లో ఏదో ఇంగ్లిష్, కింద 'నెక్స్ట్'. అమ్మ తనకు కావాల్సిన చోట నొక్కుతోంది, అది కదలదు. కొంగుతో వేలు తుడుచుకుని మళ్లీ నొక్కింది. చివరికి నా దగ్గరికొచ్చి "ఏదో నొక్కేశానే, డబ్బులు పోలేదు కదా?" అంది. ముప్పై ఏళ్లు పిల్లలకి లెక్కలు చెప్పిన టీచర్ ఆవిడ. గొంతు వణుకుతోంది.

ఫోన్ తీసుకుని మొత్తం చూశాను. యాప్ వాడటం నేర్పుతామంటూ ఏడు స్క్రీన్లు! లోన్ ఎక్కడ తీసుకోవాలి, క్రెడిట్ కార్డుకి ఎలా అప్లై చేయాలి, మ్యూచువల్ ఫండ్లు ఎక్కడున్నాయి, రంగులు ఎలా మార్చుకోవాలి. బ్యాలెన్స్ ఎక్కడుందో చెప్పే స్క్రీన్ ఒక్కటీ లేదు. ఇది నేర్పడం ఎలా అవుతుందండీ? ఇంటికొచ్చిన మనిషి మంచినీళ్లడిగితే గుమ్మంలోనే నిలబెట్టి, మేడ మీద గదులు అద్దెకున్నాయని చెప్పడం ఇది.

'స్కిప్' ఉంది కదా అంటారు. ఉంది, పైన మూలన, కనీకనపడని బూడిద రంగులో. ఒక్కసారి నొక్కితే ఇక అంతే, మళ్లీ చూద్దామంటే సెట్టింగ్స్ అంతా వెతికినా దొరకదు.

అసలు మౌస్ పట్టడం మనకెవరు నేర్పారు? 1990లో విండోస్ 3.0తో సాలిటైర్ ఆట వచ్చింది. పేక ముక్కని పట్టుకుని లాగి ఇంకో ముక్క మీద పెట్టి పెట్టి ఎంతమందికి చెయ్యి తిరిగిందో. నేనూ అలాగే నేర్చుకున్నా. పని చేస్తుంటేనే పని వస్తుంది. మొదటిసారి డబ్బు పంపబోతున్నప్పుడు చెప్పండి, ఎఫ్‌డీ వేయబోతున్నప్పుడు చెప్పండి, వింటాం. ఇంకా తలుపే తీయనివాళ్లకి ఏడు పాఠాలు ఎందుకు?

నిజంగా చెప్పాల్సింది మాత్రం చెప్పరు. యూపీఐ వచ్చింది 2016లో. ఇన్నేళ్లయినా, డబ్బు మనకి రావడానికి పిన్ కొట్టక్కర్లేదని తెలియనివాళ్లు ఎంతమందో. మా వీధిలో పాల ప్యాకెట్లు వేసే ఆయన, డబ్బులొస్తాయని ఎవడో చెబితే నమ్మి పిన్ కొట్టి ఆరు వేలు పోగొట్టుకున్నాడు. డబ్బు పంపేటప్పుడు పిన్ అడిగే స్క్రీన్ మీదే "ఇది కొడితే మీ డబ్బు వెళ్లిపోతుంది" అని పెద్దక్షరాల్లో తెలుగులో రాయడానికి ఏం అడ్డం?

తెలుగు అంటే గుర్తొచ్చింది. భాష తెలుగు పెట్టుకున్నా ఆ పాఠాలు ఇంగ్లిష్‌లోనే వచ్చాయి. మెనూలో ఉన్న తెలుగేమో "లబ్ధిదారుని జోడించండి". ఎవరికి డబ్బు పంపాలో వాళ్ల పేరు ఎక్కించమని దానర్థం. మా ఇంట్లో ఎవరికీ అర్థం కాలేదు.

ఇదంతా మొదలైంది బ్యాంకు కౌంటర్ దగ్గర. నిరుడు పాస్‌బుక్ ప్రింట్ వేయించుకుందామని ఎండలో వెళ్లి లైన్లో నిలబడితే, "మిషన్ పని చేయట్లేదు, యాప్‌లో చూసుకోండమ్మా" అన్నాడు లోపలి అబ్బాయి, తలైనా ఎత్తకుండా. ఆ రోజు రాత్రే తమ్ముడిని పక్కన కూర్చోబెట్టుకుని నోట్‌బుక్‌లో రాసుకుంది అమ్మ. "నీలం బొమ్మ నొక్కాలి. నాలుగంకెలు కొట్టాలి. కింద ఎడమ వైపు ఇల్లు. కన్ను గుర్తు నొక్కితే డబ్బులు కనపడతాయి." నాలుగే నాలుగు ముక్కలు. ఏడాది పాటు ఎవర్నీ అడగకుండా తన పెన్షన్ తనే చూసుకుంది.

కొత్త యాప్‌లో ఆ ఇల్లూ లేదు, ఆ కన్నూ లేదు. అమ్మ ఆ పేజీ మీద అడ్డంగా గీత కొట్టేసి, కొత్త పేజీలో ఇవాళ్టి తారీఖు వేసుకుంది. పెన్నిస్తే వద్దంది. ఈసారి పెన్సిల్‌తో రాసుకుంటోంది.