పది అంకెకు సగోత్ర దోషం

సైకిలు విడిభాగాల పెట్టె మీద ‘10 స్పీడ్’ అని అచ్చువేయడం ఎంతటి సాహసమో మనలో చాలామంది గుర్తించలేదు. వెనక పది పళ్లచక్రాలున్న సైకిలుకని దాని అర్థం. గేరు మార్చే మీట, అదే షిఫ్టర్, దాని పెట్టె మీదా 10 స్పీడే; చైనును ఒక పళ్లచక్రం మీంచి మరోదాని మీదికి జరిపే వెనక డిరైలర్ పెట్టె మీదా 10 స్పీడే. రెండింటి మీదా జపాన్ కంపెనీ షిమానో పేరే. కాబట్టి ఈ రెండూ కలిసి పనిచేస్తాయని ఎవరైనా అనుకుంటే ఆ తప్పు కంపెనీది కాదు, వాడికి చిన్నప్పుడు అంకెలు నేర్పిన పంతులుగారిది.

శాస్త్రం తెలిసినవారికి ఇందులో వింత లేదు. సగోత్రీకులకు పెళ్లి కుదరదు, అంతే. టియాగ్రా, 105, డ్యూరా ఏస్ అనేవి షిమానో రోడ్డు సైకిలు భాగాల ఇంటిపేర్లు, వాటి పక్క అంకె మోడల్ నంబరు. పది గోత్రపు టియాగ్రా 4700 షిఫ్టర్‌కు అదే గోత్రంలో అంతకుముందు పుట్టిన 105 5700 డిరైలర్‌ను ఇచ్చి చేయకూడదు. రోడ్డు సైకిలు పదికీ మౌంటెన్ సైకిలు పదికీ మాటలు కూడా ఉండవు. అదే, తొమ్మిది గోత్రపు మౌంటెన్ డిరైలర్‌ను పాత పది గోత్రపు రోడ్డు షిఫ్టర్‌కు ఇచ్చి చూడండి. కాపురం నిక్షేపంలా సాగుతుంది.

అందుకే సైకిలు షాపుల్లో మెకానిక్ పక్కన ఒక పెళ్లిళ్ల పేరయ్యను కూడా కూర్చోబెట్టాలని సవినయంగా ప్రతిపాదిస్తున్నాను. పేరయ్యగారు కళ్లజోడు సవరించుకుని అడుగుతారు: “అబ్బాయిది ఏ ఇల్లు నాయనా?”

“టియాగ్రా 4700 అండీ. పది.”

“అమ్మాయి?”

“105 వారింటి పిల్లండీ. ఆమెదీ పదే.”

పంచాంగం టపీమని మూసేస్తారు. “శివశివా! పదికి పది ఎలా ఇస్తావయ్యా? 4700 వారికి రోడ్డు పదకొండు వారితోనే నాడి కలుస్తుంది. అటు చూడు.”

“డ్యూరా ఏస్ 7400 వారి పిల్ల ఒకతె ఉందండీ, పాతదే గానీ చక్కగా ఉంది.”

“వాళ్లా? ఆ ఇంటివారు తమలో తామే ఇచ్చిపుచ్చుకుంటారు. షిమానో వంశంలోనే పుట్టి మిగతా షిమానో వారిని గడప తొక్కనివ్వరు.”

“పోనీ, స్రామ్ కంపెనీ వారు?”

“మతమే వేరు.”

“మరి వేరే దారే లేదా పేరయ్యగారూ?”

“దోషపరిహారం ఉంది. కేబుల్ దారిలో చిన్న కప్పీ ఒకటి ప్రతిష్ఠించాలి. షిఫ్ట్‌మేట్ అంటారు. ఖర్చు నీదే.”

ఇంతకీ జాతకంలో ఉన్నదేమిటి? రెండే రెండు లెక్కలు. ఒక్కో క్లిక్కుకు షిఫ్టర్ ఎన్ని మిల్లీమీటర్ల కేబుల్ లాగుతుంది, ఒక్కో మిల్లీమీటరుకు డిరైలర్ ఎంత జరుగుతుంది. రెండింటినీ గుణిస్తే క్యాసెట్‌లో, అంటే వెనక చక్రానికుండే పళ్లచక్రాల గుత్తిలో, పక్కపక్క పళ్లచక్రాల మధ్య దూరం రావాలి. షిమానో పది స్పీడ్‌లో ఆ దూరం సుమారు 3.95 మిల్లీమీటర్లు. పాత రోడ్డు పదిలో 2.3 లాగితే 1.7 రెట్లు జరుగుతుంది. 2010లో వచ్చిన మౌంటెన్ పదిలో 3.4 లాగితే 1.2 రెట్లు. టియాగ్రా 4700లో దాదాపు 2.8 లాగితే 1.4 రెట్లు. గుణించి చూడండి, మూడూ ఇంచుమించు నాలుగు దగ్గరికే చేరతాయి. ఎందుకంటే క్యాసెట్ మారలేదు! చక్రాల మధ్య దూరం వెంట్రుకవాసి కదలలేదు. అక్కడికి వెళ్లే దారిని మాత్రం మూడు రకాలుగా వేసి, మూడింటికీ ఒకే బోర్డు తగిలించారు.

ఇప్పుడు పాత రోడ్డు షిఫ్టర్‌ను మౌంటెన్ డిరైలర్‌కు కట్టండి. నాలుగు జరగాల్సిన చైను ఇంచుమించు 2.8 దగ్గర ఆగి గరగరమంటుంది. 4700 షిఫ్టర్‌ను పాత డిరైలర్‌కు కడితే 4.8 దాకా దూకుతుంది. ఏ మరను ఎంత తిప్పినా సర్దుకోదు. ఆ గరగర విని సైకిలు యజమాని ఎవరిని తిడతాడు? జపాన్‌కు ఫోను చేస్తాడా? ఎదురుగా గ్రీజు చేతులతో కూర్చున్న మెకానిక్‌ను తిడతాడు. “పనిరాదా నీకు?” అంటాడు. పని వచ్చినవాడు కాబట్టే అతడు మధ్యాహ్నమంతా మర తిప్పాడు. పెట్టె మీది మాటను నమ్మినందుకు అతడికి దక్కిన కూలి ఈ తిట్టు.

ఒప్పుకుంటాను, మౌంటెన్ సైకిలుకు లెక్క మార్చడానికి కారణం ఉంది. బురద చేరి, కేబుల్ బిగుసుకుంటే వచ్చే చిన్న తేడా చైను దాకా పెద్దదై పాకకుండా ఉండాలంటే ఎక్కువ లాగి తక్కువ జరపడమే మేలు. మార్చండి, ఎవరు వద్దన్నారు? మార్చినట్టు చెప్పి చావండి! డిరైలర్ మీద మీ పేరు చెక్కడానికి చోటుంది, తళతళలాడే బొమ్మలకు చోటుంది, 1.7 అని రాయడానికి చోటు లేదా? రెండు అంకెలు, మధ్యలో ఒక చుక్క. ఆ చుక్క ఖర్చు మిగుల్చుకుని, ఇంకా ఏళ్ల తరబడి నడవగల అల్యూమినియం డిరైలర్లను జత లేదన్న ఒక్క నేరానికి పాత సామాను బుట్టలోకి పంపిస్తున్నారు. జతలు తెలిపే పట్టికలు ప్రచురిస్తారు, నిజమే. ఏ మోడల్‌కు ఏ మోడల్ అని ఉంటుంది తప్ప ఎందుకో ఉండదు. కారణం తెలిస్తే జనం సొంతంగా సంబంధాలు చూసుకుంటారని భయం కాబోలు.

1984లో డ్యూరా ఏస్‌తో షిమానో క్లిక్కుల పద్ధతి తెచ్చింది. అంతకుముందు సాధారణంగా లివర్ రాపిడితో నిలిచేది, గేరు పడిందో లేదో చెవే చెప్పేది. ఏ లివరైనా దాదాపు ఏ డిరైలర్‌తోనైనా నడిచేది. అది అనాగరిక యుగం లెండి.

2023లో షిమానో వారిదే క్యూస్ అనే కొత్త వరుస వచ్చింది. 9, 10, 11 స్పీడ్‌లన్నింటికీ చక్రాల మధ్య ఒకే దూరం, కేబుల్‌కు ఒకే లాగుడు. అంటే చేయడం సాధ్యమే, ఇన్నాళ్లూ తలుచుకోలేదంతే. మహా సంతోషించి, ఇంట్లో ఉన్న పాత 10 స్పీడ్ షిఫ్టర్‌కు క్యూస్ డిరైలర్ తగిలిద్దామని ఎవరైనా బయల్దేరుతున్నారేమో, కాస్త ఆగండి. కుదరదు.