గడువు పెంచిన చట్టం పేరడీని మరిచింది

మూలం జనం నోళ్లలో నానుతున్నప్పుడే పేరడీ పేలుతుంది. శ్రీశ్రీ గేయాల నడక కుర్రకారుకు కంఠతా వచ్చిన రోజుల్లోనే, జరుక్ శాస్త్రిగా పేరొందిన జలసూత్రం రుక్మిణీనాథశాస్త్రి అదే నడకలో ఆ కవిని ఆటపట్టించగలిగాడు. అందరూ మరిచిపోయిన పద్యానికి పేరడీ కడితే అది వట్టి పద్యంగానే మిగులుతుంది. చిక్కంతా ఇక్కడే ఉంది. శ్రీశ్రీ 1983లో కన్నుమూశారు కాబట్టి మన చట్టం లెక్కన ఆయన కవిత్వం మీద కాపీరైట్ 2043 చివరిదాకా సాగుతుంది. అనువాదకుడో ప్రచురణకర్తో అయితే అప్పటిదాకా ఓపిక పట్టగలడు గానీ, పేరడీకారుడికి ఆ వెసులుబాటు లేదు. తనను వెక్కిరించడానికి అనుమతి అడిగితే సంతోషంగా సంతకం పెట్టే హక్కుదారులు ఎక్కడో గానీ దొరకరు. ఇక అనుమతి లేకుండానే వాడుకోనిచ్చే చట్టంలోని మినహాయింపే అతనికి దిక్కు. అందుకే గడువును పెంచే ప్రభుత్వం ఆ మినహాయింపును కూడా అంతే శ్రద్ధగా విశాలం చేయాలన్నది ఈ వ్యాసకర్త వాదన.

ఈ రెంటికీ ఉన్న ముడిని అమెరికా సుప్రీంకోర్టు తన నోటితోనే చెప్పింది. 1790లో 14 ఏళ్లు, కావాలంటే మరో 14 ఏళ్లుగా మొదలైన అక్కడి కాపీరైట్ గడువు, 1998 చట్టంతో రచయిత మరణానంతరం 70 ఏళ్లకు, సంస్థల పేరిట ఉన్న కృతులకు ప్రచురణ నుంచి 95 ఏళ్లకు చేరింది. మిక్కీ మౌస్ తొలి కార్టూన్లలో ఒకటైన 1928 నాటి చిత్రం 2024 జనవరి 1న గానీ కాపీరైట్ చెర నుంచి విడుదల కాలేదు. ఈ పొడిగింపు వాక్ స్వాతంత్ర్యానికి అడ్డమని ఎల్డ్రెడ్ అనే ప్రచురణకర్త వేసిన వ్యాజ్యాన్ని 2003లో కోర్టు 7-2 తేడాతో కొట్టేసింది. మెజారిటీ తీర్పు రాసిన జస్టిస్ గిన్స్‌బర్గ్ చూపిన ఆధారాల్లో ఒకటి ఫెయిర్ యూజ్ అనే అక్కడి మినహాయింపు: విమర్శకూ వ్యంగ్యానికీ ఆ కిటికీ తెరిచే ఉంది కదా, ఇక వాక్ స్వాతంత్ర్యానికి వచ్చిన ముప్పేమిటని. భిన్నాభిప్రాయం రాసిన జస్టిస్ బ్రేయర్, కొత్త గడువు విలువ శాశ్వత హక్కు విలువలో 99.8 శాతానికి పైనే ఉంటుందని లెక్కతో సహా చూపారు. నా మటుకు నాకు బ్రేయర్ లెక్కే నచ్చుతుంది. అయినా గిన్స్‌బర్గ్ వాదనలో ఒక నిజాయితీ ఉంది, ఎందుకంటే ఆ కిటికీ అక్కడ నిజంగానే ఉంది. 1994లో 2 లైవ్ క్రూ అనే ర్యాప్ బృందం ఒక పాత ప్రేమగీతాన్ని ఎగతాళి చేసి, ఆ రికార్డులు అమ్ముకుని డబ్బు చేసుకున్నా, వ్యాపారం చేసినంత మాత్రాన అది ఫెయిర్ యూజ్ కాకుండా పోదని అదే కోర్టు ఏకగ్రీవంగా చెప్పింది. పేరడీ దెబ్బకు మూలం పరువు పోయి అమ్మకాలు పడిపోతే అది విమర్శ ఫలితమే గానీ దొంగతనం కాదని కూడా తేల్చింది.

ఇప్పుడు మన ఇంటి సంగతి. 1957 చట్టం రచయిత మరణానంతరం 50 ఏళ్ల గడువిచ్చింది. రవీంద్రనాథ్ టాగోర్ 1941లో మరణించారు కాబట్టి 1991 ముగిసేసరికి ఆయన రచనలు విశ్వభారతి చేయి దాటిపోవాలి. ఆ డిసెంబర్ చివర్లో హడావిడిగా ఆర్డినెన్స్ వచ్చింది, 1992లో చట్టమైంది, గడువు 60 ఏళ్లయింది. ఒక్క కవి కోసం తెచ్చిన సవరణ దేశంలోని కవులందరి వారసులకూ కలిసొచ్చింది. పదేళ్లు కలిపినవారికి పేరడీ మాత్రం గుర్తు రాలేదు. మినహాయింపులను చెప్పే సెక్షన్ 52లో సొంత వాడకం, పరిశోధన, విమర్శ, సమీక్ష, వర్తమాన వార్తల నివేదన ఉన్నాయి. పేరడీ అన్న మాట ఈనాటికీ లేదు. అమెరికా చట్టంలోని జాబితా ఉదాహరణప్రాయం. మనది గీత గీసిన జాబితా. కెనడా 2012లోనే పేరడీ, వ్యంగ్యం అన్న మాటలను చట్టంలో చేర్చి, మరణానంతరం 70 ఏళ్ల గడువుకు ఆ తర్వాతే వెళ్లింది.

ఆ లోటును కొంతవరకు పూడ్చింది కేరళ హైకోర్టు. తోప్పిల్ భాసి 1952 నాటి నాటకం పేరు తెలుగులో చెప్పుకోవాలంటే 'మీరు నన్ను కమ్యూనిస్టును చేశారు'. 1995లో సివిక్ చంద్రన్ దానికి ఎదురు నాటకం కట్టి, పేరులో ఒక్క మాట మార్చాడు: 'మీరు ఎవర్ని కమ్యూనిస్టును చేశారు?' పాత పాత్రలనే రంగం మీదికి తెచ్చి, పాత సంభాషణలనే పలికించి, త్యాగాలు చేసిన అట్టడుగు జనానికి చివరికి దక్కిందేమిటని నిలదీశాడు. భాసి అప్పటికే మరణించారు, వారసులు కోర్టుకెక్కారు. తీసుకున్నది ఎంత, ఎందుకు తీసుకున్నారు, రెండు నాటకాలూ ఒకే ప్రేక్షకుల కోసం పోటీ పడతాయా అని మూడు ప్రశ్నలు వేసుకున్న హైకోర్టు, ఇది విమర్శ కోసం చేసిన వాడకమేనని 1996లో ప్రదర్శనకు దారిచ్చింది. విమర్శించాలంటే ముందు చూపించాలి కదా! చక్కటి తీర్పే. కానీ అది ఒక రాష్ట్ర హైకోర్టు తీర్పు. పైగా మూలాన్నే విమర్శించే పేరడీకి అది రక్షణ ఇస్తుందే తప్ప, పాత సినిమా పాట బాణీలో కరెంటు బిల్లును తిట్టిపోసేవాడికి అంత భరోసా ఇవ్వదు. తెలుగువాళ్ల పేరడీల్లో అధికభాగం ఈ రెండో రకానివే.

వారసుల పక్షాన ఒక న్యాయం లేకపోలేదు. జీవితమంతా చాలీచాలని రాబడితో గడిపిన రచయిత కుటుంబానికి పుస్తకాల మీద నాలుగు డబ్బులు రావాలనడంలో తప్పేముంది? అయితే పేరడీ చదివినవాడు మూలాన్ని కొనడం మానేయడు, చాలాసార్లు వెతుక్కుని మరీ చదువుతాడు. వారసులకు ఇక్కడ పోయేది రాబడి కాదు, మహా అయితే బింకం.

ఆ బింకానికి చట్టం వేరే తలుపు కూడా తెరిచిపెట్టింది. రచనను వికృతం చేసి రచయిత గౌరవానికి భంగం కలిగిస్తే సెక్షన్ 57 కింద దావా వేయవచ్చు. ఆ హక్కు వారసులకూ ఉంది. అది కాపీరైట్ ఉన్నంతకాలమే అన్న షరతును 2012 సవరణ తీసేసింది. వికృతం చేయడమే వృత్తిగా పెట్టుకున్న ప్రక్రియ పేరడీ. జరుక్ శాస్త్రి 1968లో మరణించాడు కాబట్టి ఆయన పేరడీలు 2029 జనవరి 1న ఎవరైనా అచ్చేసుకోవచ్చు. వాటిని మళ్లీ పేరడీ చేసినవాడి మీద మాత్రం ఆ తర్వాతా దావా పడవచ్చు.