పరీక్ష గదిలో మూడో మనిషి వద్దు

44వ జాతీయ రహదారి మీద తలకు దెబ్బ తగిలి, పరిహారం కోసం మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్ మెట్లెక్కేవాళ్లు కర్నూలు, అనంతపురం జిల్లాల్లో తక్కువేం కాదు. ఎముక విరిగితే ఎక్స్‌రేలో కనిపిస్తుంది. మతిమరుపు మాత్రం స్కాన్‌లో కనిపించకపోవచ్చు. అప్పుడు ఆధారం క్లినికల్ సైకాలజిస్టు పెట్టే మెదడు పనితీరు పరీక్షలే. ఆ గదిలో తమ వకీలు కూర్చోవాలనో, వీడియో తీయాలనో ఏ పక్షం అడిగినా ఒప్పుకోకూడదన్నది మా అభిప్రాయం.

పదాల జాబితా పరీక్షనే చూడండి. 15 పదాలు సెకనుకొకటి చొప్పున చదివి, గుర్తున్నవి చెప్పమంటారు. అదే జాబితా ఐదు విడతలు. తర్వాత కొత్త పదాలు 15 చదివి, మళ్లీ పాత జాబితా అడుగుతారు. 20, 30 నిమిషాలాగి ఇంకోసారి. మూడో విడతలో తడబడిన తమ్ముడితో వెనకున్న అన్న ‘చెప్పప్పా, ఇప్పుడే అంటివి గదా’ అంటాడు. అంతే, ఆ విడత చెడింది. మర్నాడు మళ్లీ పెడదామన్నా పదాలు అప్పటికే విన్నవాయె.

నోరు మెదపకుండా కూర్చున్నా చిక్కే. ఎవరో చూస్తుంటే తేలిక పనిలో వేగం పెరగొచ్చు, కష్టమైన పనిలో, ముఖ్యంగా జ్ఞాపకంలో, తప్పులు పెరుగుతాయి. కెమెరా ఉన్నా అంతేనని అధ్యయనాలు చూపాయి. వచ్చిన మార్కులను పోల్చుకోవడానికి వాడే ప్రమాణాలేమో మూడో మనిషి లేని గదిలో రాబట్టినవి. అమెరికాలోని నేషనల్ అకాడమీ ఆఫ్ న్యూరోసైకాలజీ 2000లోనే పరిశీలకులు వద్దంది.

ఇంకో ప్రమాదం, ప్రశ్నలు బయటికి పొక్కడం. కావాలని తప్పు చెప్పేవారిని పట్టే పరీక్షలూ వీటిలో ఉంటాయి. ఒక్క వీడియో వాట్సాప్‌కెక్కితే అవి ఎందుకూ కొరగావు. వాటి కిటుకు మేం ఇక్కడ రాయనిదీ అందుకే.

బీమా కంపెనీ పంపిన నిపుణుడు తొందరపెడతాడేమోనన్న భయం అర్థం లేనిదేం కాదు. దానికి దారి వేరే ఉంది. పరీక్షలకు ముందు సైకాలజిస్టు మాట్లాడి వివరాలు అడిగేటప్పుడు ఇంటివాళ్లను కాసేపు కూర్చోనివ్వాలి, వాళ్లు చెప్పేది విడిగానూ రాసుకోవాలి. పరీక్షలు మొదలయ్యాక బయటికి పంపాలి. జేబులో ఫోన్లు కూడా ఉండకూడదు. జవాబు పత్రాలు వకీలు చేతికి కాకుండా, అవతలి పక్షం పెట్టుకున్న సైకాలజిస్టుకు ఇప్పించాలి. మార్కులు సరిగా వేశారో లేదో తేల్చగలిగేది ఆయనే.

చిన్నపిల్లలు తల్లి లేనిదే కూర్చోకపోతే, ఉర్దూయో కన్నడమో తప్ప రానివారైతే మినహాయింపు తప్పదు. దుబాసీ మాత్రం బంధువు కాకూడదు. తెలుగు జాబితాను అప్పటికప్పుడు ఉర్దూలోకి మార్చి చదివితే అది వేరే పరీక్షే అవుతుంది. మినహాయింపు ఇచ్చినప్పుడు గదిలో ఎవరున్నారు, ఎక్కడ కూర్చున్నారు, ఏ పరీక్షల్లో ఎంతసేపు ఉన్నారు అన్నది నివేదిక మొదటి పేజీలోనే రాయించాలి. ఆ వివరం లేని నివేదికను ట్రిబ్యునళ్లు తిప్పి పంపాలి.