ములాఖత్‌కు మనిషేడీ?

శిక్ష పూర్తయిన ఖైదీ సంచి సర్దుకుని ఇంటికి పోతాడు. అతను పరాయి దేశస్థుడైతే తమిళనాడులో జరిగేది వేరు. చాలామందిని జైలు గేటు నుంచే పోలీసు వ్యాను ఎక్కిస్తారు. దింపేది తిరుచిరాపల్లి సెంట్రల్ జైలు ఆవరణలోని ప్రత్యేక శిబిరంలో. స్థానికులు దీన్ని 'సిరప్పు ముగామ్' అంటారు. బెయిలు వచ్చినవారికీ తరచూ ఇదే దారి. పేరుకు శిబిరమే గానీ చుట్టూ ప్రహరీ, గేటు దగ్గర కాపలా, బయటికి అడుగుపెట్టే వీల్లేదు. ఇక్కడ ఉంచడానికి కోర్టు తీర్పు అక్కర్లేదు, సర్కారు ఉత్తర్వు ఒకటి చాలు. ఎన్నాళ్లన్నది ఎవరూ చెప్పరు. ప్రాణభయంతో పడవెక్కి వచ్చినవాడు, వీసా గడువు దాటినవాడు, దొంగ పాస్‌పోర్టుతో ఇంకో దేశానికి పోబోయి విమానాశ్రయంలో దొరికినవాడు, డ్రగ్స్ కేసులో నిందితుడు, అందరికీ అదే ప్రహరీ.

2025 మే 19న సుప్రీంకోర్టు ముందుకు వచ్చిన కేసు చూడండి. ఒక శ్రీలంక తమిళుడికి చట్టవ్యతిరేక కార్యకలాపాల నిరోధక చట్టం (ఉపా) కింద పడిన శిక్షను మద్రాస్ హైకోర్టు 2022లో ఏడేళ్లకు తగ్గించింది, శిక్ష ముగియగానే దేశం విడిచి వెళ్లాలంది. వెనక్కి వెళితే ప్రాణం దక్కదని ఆయన మొర. శిక్ష ముగిశాక కూడా మూడేళ్లకు దగ్గరగా నిర్బంధంలోనే ఉన్నానని కోర్టుకు చెప్పుకున్నారు. ప్రపంచంలోని శరణార్థులందరికీ చోటిచ్చేందుకు భారత్ ధర్మశాల కాదని న్యాయమూర్తులు పిటిషన్ కొట్టేశారు. ఎవరిని ఉండనివ్వాలో, ఎవరిని పంపేయాలో తేల్చుకునే హక్కు ప్రభుత్వానికి ఉంది, కాదనలేం. అయితే సత్రంలో వసతి అడిగినవాడికి లేదని చెప్పి పంపేయొచ్చు. పంపకుండా, ఉండనివ్వకుండా గది తలుపు బయట గొళ్లెం పెట్టి ఏళ్లు గడిపితే దాన్ని ఏమనాలి?

దీనికి మూలం చట్టంలోని ఖాళీ. 1951 నాటి శరణార్థుల ఒప్పందంపై మన దేశం సంతకం చేయలేదు. శరణార్థులకంటూ చట్టమూ చేసుకోలేదు. 1946 నాటి విదేశీయుల చట్టాన్ని, మరో మూడు పాత చట్టాలను రద్దుచేసి తెచ్చిన కొత్త ఇమిగ్రేషన్, విదేశీయుల చట్టం 2025 సెప్టెంబర్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. అందులోనూ శరణార్థి అన్న ఊసు లేదు. సరైన పత్రాలు లేకుండా దేశంలోకి వస్తే ఐదేళ్ల వరకు జైలు, 5 లక్షల రూపాయల వరకు జరిమానా. 2015 జనవరి 9 లోపు వచ్చి పేరు నమోదు చేసుకున్న శ్రీలంక తమిళులకు మాత్రం కేంద్రం ఈ శిక్షల నుంచి మినహాయింపునిచ్చింది. ఆ తేదీ దాటి వచ్చినవారి సంగతి దైవాధీనం. ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ ఇచ్చే కార్డుకు మన చట్టంలో ప్రత్యేక గుర్తింపు లేదు. 2022 మార్చిలో శ్రీలంక ఆర్థిక సంక్షోభానికి తాళలేక ధనుష్కోటి వైపు పడవల్లో వచ్చిన మొదటివారిని పసిపిల్లల తల్లులని కూడా చూడకుండా రిమాండ్‌కు పంపారు. తర్వాతే రామేశ్వరం దగ్గరి మండపం శరణార్థి శిబిరంలో చోటిచ్చారు.

చట్టం మారేదాకా లోపలున్నవాళ్లను ఎవరు చూడాలి? బయటి మనుషులే చూడాలని, అందుకు ప్రభుత్వం దారి ఇవ్వాలని ఈ పత్రిక అభిప్రాయం.

స్వచ్ఛంద సేవ అనగానే అన్నదానం, దుప్పట్ల పంపిణీ గుర్తొస్తాయి. నిర్బంధంలో ఉన్నవాడికి కావాల్సింది అంతకంటే చిన్నది, అంతకంటే కష్టమైనది. వకాలత్‌నామా సంగతే తీసుకుందాం. లోపలున్నవాడు లాయరును పెట్టుకోవాలంటే దాని మీద సంతకం చేయాలి, ఆ సంతకాన్ని అధికారి ధ్రువీకరించాలి. కాగితం లోపలికి వెళ్లి, సంతకంతో, ముద్రతో బయటికి రావాలి. కుటుంబం ఉన్నవాడికి భార్యో తమ్ముడో తిరుగుతారు. జాఫ్నా నుంచో లాగోస్ నుంచో వచ్చినవాడికి ఎవరు తిరుగుతారు? కోర్టు బెయిలిచ్చినా ఇద్దరు జామీనుదారులు కావాలి, వాళ్ల రేషన్ కార్డు, ఇంటిపన్ను రసీదు, జీతం సర్టిఫికెట్ చూపాలి. ఊరూ పేరూ తెలియని విదేశీయుడికి ఎవరు పూచీ పడతారు? ఇక కళ్లద్దాలు విరిగితే కొత్తవి తేవాలి, తమిళంలో వచ్చిన నోటీసు చదివి చెప్పాలి, అమ్మతో ఫోన్ మాట్లాడించాలి, ఆసుపత్రి చీటీ జాగ్రత్త చేయాలి. ఒక్కొక్కటీ అరగంట పనే. చేసే మనిషి లేకపోతే నెలలు పడుతుంది.

ప్రయాణ పత్రం విషయంలో ఈ లోటు ప్రాణం మీదికే వస్తుంది. రాజీవ్ గాంధీ హత్య కేసులో 2022 నవంబర్ 11న సుప్రీంకోర్టు విడుదల చేసినవారిలో నలుగురు శ్రీలంక జాతీయులు. వారిని తిరుచ్చి శిబిరానికి తరలించారు. వారిలో స్వదేశం వెళ్లిపోతానన్న శాంతన్ 15 నెలలకు పైగా అక్కడే ఉండి, జబ్బుపడి, 2024 ఫిబ్రవరి 28న చెన్నైలోని ప్రభుత్వ జనరల్ ఆసుపత్రిలో చనిపోయారు. పంపేందుకు కేంద్రం అనుమతి వచ్చి అప్పటికి కొద్దిరోజులే. శ్రీపెరుంబుదూరు ఘోరాన్ని ఈ నగరం మరచిపోలేదు, మరవకూడదు కూడా. కానీ ఆ నేరానికి శిక్ష వేసిందీ కోర్టే, విడిచిపెట్టిందీ కోర్టే. ఆ తర్వాతి 15 నెలలు ఏ నేరానికి? పత్రికల్లో రోజూ పేరు వచ్చిన మనిషికే ఇంత కాలం పట్టిందంటే, పేరే తెలియనివారి ఫైలు ఏ బల్ల మీద ఉందో ఊహించుకోవచ్చు.

బయటి మనిషి ఒకరు కాగితాలు తిరగేస్తే ఏమవుతుందో అదే తిరుచ్చిలో చూశాం. 1986లో మండపం శిబిరంలో పుట్టిన ఒక మహిళ జీవితమంతా శ్రీలంక శరణార్థిగానే బతికారు. పౌరసత్వ చట్టం ప్రకారం 1987 జులై 1కి ముందు ఈ గడ్డ మీద పుట్టినవారు పుట్టుకతోనే భారతీయులు. ఇన్నేళ్లూ ఆ సంగతి ఆమెకు చెప్పినవారు లేరు. న్యాయవాది సాయంతో మద్రాస్ హైకోర్టు మధురై బెంచ్‌కు వెళ్తే, పాస్‌పోర్టు ఇవ్వాల్సిందేనని 2022 ఆగస్టులో తీర్పు వచ్చింది. 2024 లోక్‌సభ ఎన్నికల్లో ఆమె మొదటిసారి ఓటేశారు. తమిళనాడులోని శరణార్థి శిబిరాల్లో సుమారు 58 వేల మంది ఉన్నారు. ఇలాంటి బర్త్ సర్టిఫికెట్లు ఇంకెన్ని ట్రంకుపెట్టెల్లో ఉన్నాయో!

చెన్నైకి ఈ పని కొత్తేమీ కాదు. ఈలం (శ్రీలంక తమిళ) శరణార్థులే తమవారి కోసం 1984లో ఇక్కడ పెట్టుకున్న 'ఆఫర్' సంస్థ నాలుగు దశాబ్దాలుగా శిబిరాల్లో చదువు, ఆరోగ్యం, పత్రాల పని చూస్తోంది. 2021లో రాష్ట్ర ప్రభుత్వం శిబిరాల పేరును 'పునరావాస శిబిరాలు'గా మార్చి, ఇళ్లకూ సౌకర్యాలకూ 317 కోట్ల రూపాయల ప్యాకేజీ ప్రకటించింది. మంచి పని. ఆ ఔదార్యం ప్రత్యేక శిబిరం గేటు దాకా రాలేదు. అక్కడివారు నిరాహారదీక్షలు చేసినప్పుడు తప్ప ఆ చోటు వార్తల్లోకి రాదు. మేమూ రాయలేదనుకోండి.

మనకెందుకీ గోల అనుకునే తెలుగువారికి రెండు సంగతులు గుర్తుచేయాలి. 2018 చివర్లో గుజరాత్ తీరంలో వేటకు వెళ్లిన శ్రీకాకుళం, విజయనగరం జాలర్లను పాకిస్తాన్ పట్టుకుపోయింది. కరాచీ మాలీర్ జైల్లో ఏడాదికి పైగా ఉండి, 2020 జనవరి 6న 20 మంది వాఘా దాటి వచ్చారు. ఆ జైలు నుంచి విడుదలయ్యే భారతీయ జాలర్లను లాహోర్ దాకా చేర్చడం, దారి ఖర్చులకు చేతిలో డబ్బు పెట్టడం అక్కడి ఎధీ ఫౌండేషన్ వాళ్లు ఏళ్లుగా చేస్తున్న పని. శత్రుదేశపు జాలర్లకు సాయం చేస్తారా అని కరాచీలో వాళ్లను అడిగినవాళ్లూ ఉండే ఉంటారు. ఇక 2019 జనవరిలో అమెరికా అధికారులే నడిపిన ఫార్మింగ్టన్ అనే ఉత్తుత్తి యూనివర్సిటీ వలలో పడి అరెస్టయిన 130 మందిలో 129 మంది మన దేశస్థులు, వారిలో తెలుగు పిల్లలు చాలామంది. అక్కడి తెలుగు సంఘాలు లాయర్లను కుదిర్చాయి. ఇక్కడ అమ్మానాన్నలకు నిద్రలేదు. ఆ టెన్షన్ ఎలాంటిదో గుంటూరులోనూ వరంగల్‌లోనూ ఇప్పటికీ అడిగి తెలుసుకోవచ్చు. గల్ఫ్‌లో ఔట్‌పాస్ (ఇంటికి పోయేందుకిచ్చే తాత్కాలిక పత్రం) కోసం పడిగాపులు పడే కడప, కరీంనగర్ కూలీల సంగతి చెప్పనే అక్కర్లేదు.

అభ్యంతరాలు లేకపోలేదు. శిబిరంలో ఉన్నవారంతా అమాయకులేమీ కాదు. 2022 డిసెంబర్‌లో డ్రగ్స్, ఆయుధాల కేసులో జాతీయ దర్యాప్తు సంస్థ (ఎన్ఐఏ) తొమ్మిది మందిని తిరుచ్చి శిబిరంలోనే అరెస్టు చేసింది. భద్రత మాటెత్తేవారు దీన్నే చూపుతారు. గోడ, గేటు, కాపలా అన్నీ ఉండగానే లోపల ఆ దందా సాగిందన్న ఆరోపణ కదా అది! వలంటీర్లను దూరం పెట్టినందువల్ల ఆగిందేమిటి? పోలీసు వెరిఫికేషన్ చేసి, ఫొటో కార్డిచ్చి, సంచి తనిఖీ చేసి, రిజిస్టర్‌లో సంతకం పెట్టించుకుని పంపితే ఎవరొచ్చారో ఎవరిని కలిశారో లెక్క ఉంటుంది. జైళ్లలో ములాఖత్ అలాగే నడుస్తోంది. నేరం చేసినవాడి మీద కేసు నడపండి. మిగతావాళ్లను ఆ లెక్కలో వేయొద్దు.

వలంటీర్లొస్తే అన్నీ సర్దుకుంటాయని కూడా అనుకోవద్దు. బ్రిటన్‌లో గాట్విక్ విమానాశ్రయం పక్క నిర్బంధ కేంద్రాలకు 1990ల నుంచే స్థానికులు వారం వారం వెళ్లి పలకరిస్తున్నారు. అయినా అక్కడి బ్రూక్ హౌస్‌లో సిబ్బంది మనుషుల్ని హింసించడం 2017లో రహస్య కెమెరాతో గానీ బయటపడలేదు. 2023 సెప్టెంబర్‌లో వచ్చిన విచారణ నివేదిక 28 రోజులకు మించి ఎవరినీ ఉంచకూడదని సిఫారసు చేసింది. అక్కడి సర్కారు ఒప్పుకోలేదు. ములాఖత్ గదిలో కూర్చున్నవారికి లోపలి గదులు కనిపించవు. అందుకే పలకరించేవారు వేరు, తనిఖీ చేసేవారు వేరుగా ఉండాలి. జైళ్లకు అధికారులు కాని బయటివారు కూడా ఉండే సందర్శకుల బోర్డులు ఉంటాయి. ప్రత్యేక శిబిరానికీ అలాంటిదే ఉండాలి, వారికి ఏ గది తలుపైనా తీయించే అధికారం ఉండాలి.

గడువు విషయంలో మన సుప్రీంకోర్టే దారి చూపింది. అస్సాం నిర్బంధ కేంద్రాల్లో మూడేళ్లు దాటినవారిని లక్ష రూపాయల చొప్పున ఇద్దరు భారతీయుల పూచీకత్తుపై విడిచిపెట్టవచ్చని 2019 మేలో చెప్పింది. కరోనా వేళ, 2020 ఏప్రిల్‌లో, దాన్ని రెండేళ్లకు, పూచీని 5 వేలకు తగ్గించింది. అస్సాంలో చేయగలిగింది తిరుచ్చిలోనూ, బెంగళూరు దగ్గరి సొండెకొప్ప కేంద్రంలోనూ చేయొచ్చు. ఆరు నెలలకోసారి ప్రతి ఫైలూ ఒక న్యాయాధికారి ముందుకు రావాలి. రాజ్యాంగం 19వ అధికరణంలోని స్వేచ్ఛలు పౌరులకే, ప్రాణానికీ వ్యక్తి స్వేచ్ఛకూ రక్షణనిచ్చే 21వ అధికరణం మాత్రం ప్రతి వ్యక్తికీ వర్తిస్తుందన్నది 1996లో అరుణాచల్‌లోని చక్మా శరణార్థుల కేసులోనే తేలిపోయింది.

ఇక చెన్నై తెలుగు సంఘాలకు ఒక మాట. ఉగాది సభ, శాలువా, గ్రూపు ఫొటో మనకు బాగా అలవాటే (ఆ ఫొటోలు వేసేదీ మేమే). ఇదే ఊళ్లో దుర్గాబాయి 1937లో ఆంధ్ర మహిళా సభ మొదలుపెట్టారు. అంతకుముందు ఉప్పు సత్యాగ్రహంలో జైలుకెళ్లినప్పుడు, అడిగే దిక్కులేక మగ్గుతున్న స్త్రీ ఖైదీలను చూసి లా చదవాలనుకున్నారామె. ఆ ఒరవడి ఎక్కడా పోలేదు. తెలుగు, తమిళం, ఇంగ్లిషు, కాస్తో కూస్తో హిందీ వచ్చిన రిటైర్డ్ ఉద్యోగులు, లా విద్యార్థులు ఈ నగరంలో కొల్లలు. దుబాసీ పనికి ఇంతకంటే అర్హత ఏం కావాలి?

1987 నాటి న్యాయ సేవాధికార చట్టం ప్రకారం కస్టడీలో ఉన్న ప్రతి వ్యక్తికీ, ఆదాయంతో నిమిత్తం లేకుండా, ఉచిత న్యాయ సహాయం ఇవ్వాలి. పౌరుడై ఉండాలన్న షరతు అందులో లేదు. జిల్లా న్యాయ సేవాధికార సంస్థలు పారా లీగల్ వలంటీర్లను తీసుకుంటాయి, జైళ్లకు పంపుతాయి. ప్రత్యేక శిబిరానికి కూడా పంపాలని కోరుతూ సంఘాలు తిరుచ్చి సంస్థకు దరఖాస్తు పెట్టాలి, జామీనుకు ముందుకొచ్చే సభ్యుల పేర్లూ దానికి జతచేయాలి. కాదంటే కారణం రాతపూర్వకంగా అడిగి తీసుకోవాలి. ఆ కాగితంతో మధురై బెంచ్‌లో రిట్ వేయొచ్చు.