ఇన్‌ఫ్లేషన్ తగ్గితే నూనె ధర తగ్గుతుందా?

(వరంగల్‌లో ఒక ఇల్లు. తమ్ముడు బ్యాంకు ఉద్యోగానికి చదువుతున్నాడు. అక్క ఇంటర్ పిల్లలకు కామర్స్ చెబుతుంది. వాళ్ల బాపు ఎనుమాముల మార్కెట్‌లో దడువాయి, అంటే సరుకు తూచే మనిషి.)

తమ్ముడు: అక్కా, ఇన్‌ఫ్లేషన్, డిఫ్లేషన్, డిసిన్‌ఫ్లేషన్, స్టాగ్‌ఫ్లేషన్, రిసెషన్... రోజుకు ఇరవై మాటలు బట్టీ పడుతున్నా. ఇంటర్వ్యూలో ఇంగ్లిష్‌లోనే అడుగుతారు. వీటిని మళ్లీ తెలుగులో నేర్చుకుని ఏం లాభం?

అక్క: సరే, ఒకటి చెప్పు. ఇన్‌ఫ్లేషన్ 6 శాతం నుంచి 4కు తగ్గింది. మంచినూనె ధర తగ్గినట్టేనా?

తమ్ముడు: తగ్గినట్టే గదా.

అక్క: కాదు తమ్మీ! వంద రూపాయల సరుకు నిరుడు 106 అయింది, ఈ ఏడు 110 దాటింది. ధర పెరుగుతూనే ఉంది, పెరిగే జోరు తగ్గింది, అంతే. అది డిసిన్‌ఫ్లేషన్. ధరలే కిందికి దిగితే డిఫ్లేషన్. బట్టీ పట్టినా నీకు ఈ తేడా దొరకలేదు.

తమ్ముడు: ఇన్‌ఫ్లేషన్‌ను తెలుగులో ద్రవ్యోల్బణం అంటే మాత్రం దొరుకుతుందా? బాపు ఎన్నడన్నా ఆ మాట అన్నాడా? ఉల్బణం అంటే ఏమిటో నీ క్లాసులో పిల్లల్ని అడుగు. రెండూ మన నోట్లో లేని మాటలే. అలాంటప్పుడు ఉద్యోగం ఇచ్చే మాటనే పట్టుకుంటా.

అక్క: అది నిజమే, ఒప్పుకుంటా. నేను ద్రవ్యోల్బణం అనమనడం లేదు, బాపు మాటతో మొదలుపెట్టమంటున్నా. ‘మిర్చి రేటు పడిపోయింది’ అంటాడు చూడు, డిఫ్లేషన్ అక్కడే అర్థమవుతుంది.

తమ్ముడు: ఆగక్కా, అది తప్పు. మిర్చి ఒక్కటే పడితే డిఫ్లేషన్ కాదు. తిండి, బట్టలు, కిరాయి, కరెంటు అన్నీ కలిపి లెక్కేస్తే మొత్తం ధరలు దిగాలి. బాపు మాట మిర్చి బస్తా దగ్గరే ఆగిపోతుంది.

అక్క: (కాసేపు ఆగి) బాగా పట్టుకున్నావు. మరి స్టాగ్‌ఫ్లేషన్?

తమ్ముడు: 1965లో బ్రిటన్ పార్లమెంటులో ఇయాన్ మెక్లాయిడ్ వాడిన మాట. స్టాగ్నేషన్, ఇన్‌ఫ్లేషన్ రెండూ అతికించారు.

అక్క: పుట్టుక చెప్పావు. అర్థం?

తమ్ముడు: పనులు దొరకవు, వ్యాపారాలు సాగవు, అయినా ధరలు మాత్రం ఎక్కుతూనే ఉంటాయి.

అక్క: చూశావా, తెలుగులోనే చెప్పావు! రాత్రి బాపు అన్నానికి కూర్చున్నప్పుడు ఇదే చెప్పు. రిసెషన్ కూడా చెప్పు. 2020లో లాక్‌డౌన్ తర్వాత వరుసగా రెండు త్రైమాసికాలు జీడీపీ, అంటే దేశంలో తయారయ్యే సరుకులు, సేవల మొత్తం విలువ, అంతకుముందు ఏడాది అదే కాలం కంటే తగ్గింది. రిసెషన్ అంటే అదే, ఆయన కళ్లారా చూసిన కాలమే.

తమ్ముడు: చెప్తా. తర్వాత అదే ఇంగ్లిష్‌లో నీకు అప్పజెప్తా. తప్పుంటే ఆపు.