జెండా కట్టడానికి మొహమాటం

ఏప్రిల్ 23 ఇంగ్లండ్ పాలక పునీతుడు సెయింట్ జార్జ్ పండుగ. లండన్ ట్రఫాల్గర్ స్క్వేర్‌లో ఒక వేడుక చేస్తారు. స్కౌట్ పిల్లలు కవాతు చేస్తారు. కొన్ని ఊళ్లలో మారిస్ అనే జానపద నృత్యం చేసేవాళ్లు కాళ్లకు గజ్జెలు కట్టుకుని చిందేస్తారు. అక్కడక్కడ పబ్‌ల మీద తెల్లగుడ్డపై ఎర్ర శిలువ జెండా కనబడుతుంది. అంతకుమించి హడావుడి లేదు, సెలవూ లేదు. అదే ఇంగ్లండ్‌లో మార్చి 17న ఐర్లండ్ వాళ్ల సెయింట్ పాట్రిక్ పండక్కి పబ్‌లు కిటకిటలాడతాయి. పొరుగింటి పండక్కి కొత్తబట్టలు కట్టి, సొంతింటి పండక్కి తలుపేసుకునే జాతి ఇది.

ఎందుకిలా అంటే చాలామంది చెప్పే జవాబు ఒకటుంది: జార్జ్ అసలు ఇంగ్లండ్ వాడే కాదు. నిజమే. ఇప్పటి టర్కీలోని కప్పదొకియ ప్రాంతం నుంచి వచ్చిన రోమన్ సైనికుడని, డయొక్లీషియన్ చక్రవర్తి కాలంలో 303లో మతం వదులుకోనందుకు తల నరికించారని సంప్రదాయం చెబుతోంది. ఇంగ్లండ్‌లో కాలు పెట్టిన దాఖలా లేదు. డ్రాగన్ కథ కొన్ని శతాబ్దాల తర్వాత అతికించింది. కానీ ఇది సాకే తప్ప కారణం కాదు. ఐర్లండ్ పాట్రిక్ కూడా బ్రిటన్ నుంచి వెళ్లినవాడే. జార్జ్‌ను తమవాడు అనుకునే జార్జియా, ఇథియోపియా, పోర్చుగల్ దేశాల్లో ఎవరూ ఆయన ఊరు అడగరు. కటలోనియాలో ఆ రోజు పుస్తకాలు, గులాబీలు ఇచ్చిపుచ్చుకుంటారు. మన కేరళలో ఎడత్వా, పుతుప్పళ్లి చర్చిల్లో ఆయన పెరునాళ్లకు, అంటే ఉత్సవాలకు, వచ్చే జనాన్ని చూస్తే ఇంగ్లండ్ బిషప్‌లు అసూయపడాలి.

అసలు కారణం చరిత్రలో ఉంది. 1348లో మూడో ఎడ్వర్డ్ గార్టర్ అనే రాజవీరుల బృందాన్ని జార్జ్ పేరిట నెలకొల్పాడు. 1415లో ఫ్రాన్స్‌పై ఏజిన్‌కోర్ట్ యుద్ధం గెలిచాక ఆయన పండుగ దేశంలోని పెద్ద పండుగల్లో ఒకటైంది. 1639లో దామెర్ల వెంకటాద్రి నాయకుడి దగ్గర స్థలం తీసుకుని మద్రాసులో కోట కట్టినప్పుడు దానికి పెట్టిన పేరూ జార్జ్‌దే. అప్పటికి వచ్చినవాళ్లు ఇంగ్లిష్ కంపెనీవాళ్లు, బ్రిటన్ అనే రాజ్యం ఇంకా పుట్టలేదు. 1707లో స్కాట్లండ్ కలిశాక ఇంగ్లండ్ తన పేరును బ్రిటన్‌లో కలిపేసుకుంది. అది త్యాగమేమీ కాదు. పార్లమెంటు, రాజధాని, అధికారం అన్నీ తన చేతిలోనే ఉన్నప్పుడు వేరే జెండా పట్టుకోవాల్సిన అవసరమేముంది? మన కోస్తా, రాయలసీమ జిల్లాలను ఆ కోట నుంచి ఏలింది కూడా బ్రిటన్ పేరు మీదే. లండన్ నీడలో ఉన్న స్కాట్లు, వెల్ష్‌వాళ్లు మాత్రం తమ పండుగలను గట్టిగా పట్టుకున్నారు. 1999లో వాళ్లకు సొంత చట్టసభలు వచ్చాయి. ఇంగ్లండ్‌కు ఈనాటికీ లేదు.

మూడు వందల ఏళ్లు అటక మీద పెట్టిన జెండాను ముందుగా దింపింది ఫుట్‌బాల్ అభిమానులు. 1966లో వెంబ్లీలో ప్రపంచకప్ గెలిచినప్పుడు స్టాండ్స్ నిండా బ్రిటన్ ఉమ్మడి జెండా యూనియన్ జాక్‌లే. 1996 యూరో కప్ నాటికి ఎర్ర శిలువలు వచ్చేశాయి. తర్వాత వలసలంటే గిట్టని గుంపులు దాన్ని పట్టుకున్నాయి. వాళ్లు పట్టుకున్నారు కాబట్టి చదువుకున్న మధ్యతరగతి దూరం జరిగింది, జరిగినకొద్దీ అది వాళ్లదే అయిపోయింది. 2014లో రోచెస్టర్ ఉప ఎన్నిక సమయంలో ఇంగ్లండ్ జెండాలు కట్టిన ఒక ఇంటి ఫొటోను ట్వీట్ చేసినందుకు, మామూలు జనాన్ని వెక్కిరించారన్న విమర్శతో లేబర్ నాయకురాలు ఎమిలీ థార్న్‌బెరీ షాడో క్యాబినెట్ (ప్రతిపక్షం నడిపే నీడ మంత్రివర్గం) పదవి వదులుకోవాల్సి వచ్చింది. 2025 వేసవిలో బర్మింగ్‌హామ్ నుంచి మొదలై ఊరూరా కరెంటు స్తంభాలకు జెండాలు వెలిశాయి, రోడ్ల కూడళ్ల మీద ఎర్ర శిలువలు గీశారు. కట్టినవాళ్లలో చాలామంది దేశభక్తి అన్నారు. వలస కుటుంబాల్లో చాలామందికి అది హెచ్చరికలా కనబడింది. రెండు మాటల్లోనూ నిజముంది, చిక్కల్లా అదే. సెప్టెంబర్ 17ను ఏమని పిలవాలో ఏటా కొట్లాడుకునే మనకు ఈ చిక్కు కొత్తదేం కాదు.

ఇంగ్లండ్, వేల్స్ జనాభా లెక్కలు ఇంకా విచిత్రం. 2011లో తాము కేవలం ఇంగ్లిష్ అని రాసుకున్నవాళ్లు 57.7 శాతం. 2021లో 14.9 శాతమే. కేవలం బ్రిటిష్ అన్నవాళ్లు 19.1 నుంచి 54.8 శాతానికి ఎగబాకారు. పదేళ్లలో జాతి మనసు మారిపోయిందా అంటే అలా చెప్పలేం. ఇంగ్లండ్‌లో ఇచ్చిన ఫారంలో ‘బ్రిటిష్’ గడిని మొదటి స్థానానికి తెచ్చారు, మార్పులో కొంత దానివల్లేనని గణాంక శాఖే చెప్పింది. గడి జరిగితే చాలామంది జవాబూ జరిగిందంటే, ఆ బంధం అంత వదులుగా ఉందన్నమాట.

వలస కుటుంబాల పిల్లలు తాము బ్రిటిష్ అని ధీమాగా చెబుతారు, ఇంగ్లిష్ అనడానికే తటపటాయిస్తారు. అక్కడ పుట్టి పెరుగుతున్న తెలుగువాళ్ల పిల్లలకూ ఈ ప్రశ్న తప్పదు. సౌతాంప్టన్‌లో పుట్టి ప్రధాని కూడా అయిన రిషి సునాక్ ఇంగ్లిష్ వాడేనా అని 2025 ఆరంభంలో పెద్ద రచ్చే జరిగింది. భారత మూలాలున్న మాజీ హోం మంత్రి సుయెల్లా బ్రేవర్‌మన్ తాను ఇంగ్లిష్ దాన్ని కానని రాశారు. రంగును బట్టి జాతిని తేల్చే ఈ వాదన మాకు రోతగా ఉంది. పైగా ఆ లెక్కన కప్పదొకియ జార్జ్ కూడా పనికిరాడు.

ఏప్రిల్ 23ను సెలవు రోజు చేస్తామని 2017 ఎన్నికల్లో లేబర్ పార్టీ మాటిచ్చింది, ఓడిపోయింది. ఆ మాటను మళ్లీ తీయాలి. స్కాట్లండ్‌లో ఆండ్రూ పండుగ, ఉత్తర ఐర్లండ్‌లో పాట్రిక్ పండుగ బ్యాంక్ హాలిడేలే, అంటే అధికారిక సెలవులే. ఖర్చు అంటారా? ఇంగ్లండ్‌లో ఏడాదికి 8 బ్యాంక్ హాలిడేలే ఉన్నాయి. రాణి జూబ్లీకి, అంత్యక్రియలకు 2022లో, చార్లెస్ పట్టాభిషేకానికి 2023లో అదనంగా సెలవులిచ్చారు, ఎవరి కొంపా మునగలేదు. సెలవుతో పాటు ప్రభుత్వం ఊరూరా మున్సిపల్ ఖర్చుతో వేడుక చేయాలి, గుర్‌ద్వారాలను, మసీదులను, మన తెలుగు సంఘాలను పేరుపెట్టి పిలవాలి. పిలిచాక కూడా జెండా ఆ గుంపుల చేతిలోనే మిగిలితే అప్పుడు తప్పు రానివాళ్లది. ఇప్పటివరకైతే పిలవనివాళ్లదే.