పోపుగారి పేరులో మన కూలీల మాట

2025 మే 8వ తేదీ రాత్రి పదిన్నర దాటింది. నల్లగొండకు దగ్గరలోని మహిళా సంఘాలు నడిపే ఒక ఐకేపీ ధాన్యం కొనుగోలు కేంద్రంలో వడ్ల కుప్పల పక్కన పడుకున్న రైతుల్లో నలుగురైదుగురు లేచి ఒక పెద్దాయన సెల్‌ఫోన్ చుట్టూ చేరారు. ఆయన వాళ్ల ఊరి ఆర్‌సీఎం (రోమన్ కథోలిక) చర్చిలో ఉపదేశి, అంటే ఫాదర్ తరఫున ఊళ్లో బోధ చెప్పే మనిషి. వారం నుంచి కాంటా కాక, మబ్బు పట్టినప్పుడల్లా పరదాలు కప్పుకుంటూ అక్కడే కాపలా ఉన్నాడు. ధాన్యం కొనుగోళ్ల వార్త కోసం వెళ్లిన మా విలేకరి కూడా వాళ్ల పక్కన కూర్చున్నాడు. ఫోన్‌లో ఒకసారి వేలు జరిపితే జమ్మూలో సైరన్లు, చీకటి, ఇంకోసారి జరిపితే రోమ్‌లో కొత్త పోపు పేరు ప్రకటించే, ఎర్ర తెరలు కట్టిన బాల్కనీ. పోపు ఎన్నిక తేలితే అక్కడ తెల్ల పొగ వదులుతారు. "తెల్ల పొగ వచ్చి గంటయింది, ఎవరో ఇంక చెప్తలేరు" అని పెద్దాయన అంటుంటే, పక్కనున్న పిల్లగాడు "మనోళ్లేనా తాతా?" అని అడిగాడు. మనోళ్లంటే వాడి లెక్కలో హైదరాబాద్ కార్డినల్ పూల ఆంథోనీ గారు, పోపును ఎన్నుకునే పెద్దల్లో ఒకరు.

కాదని కాసేపటికే తెలిసిపోయింది. చికాగోలో పుట్టిన రాబర్ట్ ఫ్రాన్సిస్ ప్రివోస్ట్ 267వ పోపుగా, పద్నాలుగో లియో పేరుతో ఆ బాల్కనీలోకి వచ్చారు. "శాంతి మీ అందరితో ఉండుగాక" అన్నది ఆయన మొదటి మాట. ఇటు పాకిస్తాన్ సరిహద్దులో ఏమవుతుందోనని దేశమంతా టెన్షన్‌గా టీవీల ముందు కూర్చున్న రాత్రి అది. శాంతి అనే మాట ప్రతి ఆదివారం దివ్యపూజలో వినేదే, అయినా ఆ రాత్రి ఆ పెద్దాయన కళ్లు తుడుచుకున్నాడని మా విలేకరి చెప్పాడు.

తెల్లారి నుంచి ఆ వారమంతా మా ఆఫీసుకు ఫోన్లు వస్తూనే ఉన్నాయి. నల్లగొండ గడియారం సెంటర్ టీ కొట్ల దగ్గర, మహబూబ్‌నగర్ బస్టాండ్‌లో, పెళ్లి పందిళ్లలో కూడా ఇదే మాట. "అమెరికాయన పోపు అయ్యిండంట, ఇగ అక్కడ కూడా వాళ్లదే నడుస్తది" అని కొందరు. "మన తెలుగాయనకు ఇస్తే ఏం పోయేది" అని ఇంకొందరు, అందులో అసలు క్రైస్తవులు కానివాళ్లు కూడా ఉన్నారు, వాళ్ల ప్రేమ మాకు చాలా నచ్చింది. జడ్చర్ల, వనపర్తి, దేవరకొండ వైపు పాత మెన్నోనైట్ సంఘాలవాళ్లు, నల్లగొండ బాప్టిస్టులు పోపు పెద్దరికాన్ని ఒప్పుకోరు, ఆ సంగతి అందరికీ తెలిసిందే, అయినా వాళ్లలోనూ చాలామంది "మంచి మనిషేనా?" అని ఆత్రంగానే అడిగారు. ఏప్రిల్ 21న, ఈస్టర్ మర్నాడు, పోపు ఫ్రాన్సిస్ చనిపోయినప్పుడు వచ్చిన దుఃఖం అప్పటికింకా తడి ఆరలేదు, ఆయనలాంటి మనిషే మళ్లీ రావాలన్న కోరిక ఈ ప్రశ్న వెనక ఉంది.

ఏ దేశం మనిషి అన్న ప్రశ్న దగ్గరే ఆగిపోవద్దని మా మాట. ఆయన పుట్టింది అమెరికాలోనే, కానీ పని చేసిన జీవితంలో పెద్ద భాగం పెరూ దేశంలో గడిచింది. 1985లో మిషనరీగా అక్కడికి వెళ్లారు, 2015లో చిక్లాయో మేత్రాసనానికి, అంటే ఒక బిషప్ కింద ఉండే చర్చి ప్రాంతానికి, పీఠాధిపతి (బిషప్) అయ్యారు, అదే ఏడాది పెరూ పౌరసత్వం తీసుకున్నారు. కరోనా రోజుల్లో అక్కడ ఆక్సిజన్ దొరకక జనం చచ్చిపోతుంటే చందాలు పోగుచేసి ఆక్సిజన్ ప్లాంట్లు పెట్టించారు. ఆ రాత్రి బాల్కనీలో ఇటాలియన్‌లో మాట్లాడుతూ మధ్యలో స్పానిష్‌లోకి మారి తన చిక్లాయో జనాన్ని పలకరించారు, ఇంగ్లీషు మాట ఒక్కటి కూడా అనలేదు. అమెరికావాడు అనే ముందు ఇది కూడా తెలిసి ఉండాలి.

అసలు చూడవలసింది ఆయన పెట్టుకున్న పేరు. మే 10న కార్డినళ్లతో మాట్లాడుతూ ఆ పేరు ఎందుకో ఆయనే చెప్పారు. పదమూడో లియో పోపు యంత్రాల కాలంలో కార్మికుల గురించి లేఖ రాశారు, ఇప్పుడు కృత్రిమ మేధ వచ్చి మనిషి పనికి, గౌరవానికి, న్యాయానికి కొత్త సవాళ్లు తెచ్చింది, అందుకే లియో అన్నారు. ఆ లేఖ పేరు రేరుమ్ నోవారుమ్. 1891 మే 15న వచ్చింది, 2025 మే 15కి 134 ఏళ్లు. నల్లగొండ ఎర్రజెండా నేల కాబట్టి ఒక మాట దాచకుండా చెప్పాలి, ఆ లేఖ సోషలిజాన్ని ఒప్పుకోలేదు, సొంత ఆస్తి హక్కు ఉండాలనే అన్నది. కానీ కూలి గురించి అది చెప్పిన మాట చదివితే మన పాలమూరును చూసి రాశారా అనిపిస్తుంది. యజమానీ కూలీ ఇద్దరూ ఒప్పుకున్నంత మాత్రాన సరిపోదు, ఆ కూలి మనిషి బతకడానికి చాలాలి అంటుంది. గతిలేక, ఇంతకంటే పెద్ద కష్టం వస్తుందన్న భయంతో, యజమానో కాంట్రాక్టరో ఇంతకంటే ఇవ్వనంటున్నాడని తలవంచి ఒప్పుకున్న కూలీ మీద జరిగింది బలవంతమే, అన్యాయమే అంటుంది. కూలీలు సంఘం పెట్టుకోవచ్చని, ఆదివారం పని ఆపి సేదదీరాలని, చిన్నపిల్లల్ని ఫ్యాక్టరీలో పెట్టొద్దని కూడా అంటుంది.

కూలీలను గుంపుగా పనికి తీసుకుపోయే మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని ముంబయి బస్సెక్కిన ప్రతి మనిషికీ ఈ మాట అర్థమవుతుంది. దేశంలో ఎక్కడ డ్యామ్ కట్టినా, కాలువ తవ్వినా పాలమూరు కూలీ చెయ్యి ఉంటుందని పేరు, ఆ పేరు వెనకాల ఎన్ని కుటుంబాలు పిల్లల చదువు వదిలేసుకుని పోయాయో లెక్క తీసినవాడు లేడు. పెళ్లికో జబ్బుకో తీసుకున్న ముప్పై వేలో నలభై వేలో, ఆ అప్పు తీరేదాకా ఎంత ఇస్తే అంత, ఎక్కడ ఉంచితే అక్కడ. ఆ మనిషి "నా ఇష్టంతోనే వచ్చిన" అనే అంటాడు, అడిగి చూడండి. గతిలేని ఇష్టాన్ని ఇష్టం అనకూడదని 1891లోనే ఒక పోపు రాసి పెట్టారు, ఆ మాట మన ఊళ్లలో ఎవరి నోటా వినపడలేదు, అదే మా బాధ.

ఇంకో సంగతి. హైదరాబాద్‌ను మేత్రాసనం చేసిందీ ఆ పదమూడో లియోనే, 1886లో. దానిలోంచే తర్వాత 1976లో నల్లగొండ మేత్రాసనం వచ్చింది. మన పల్లెల్లోని ఆర్‌సీఎం బడులు, ఆసుపత్రులు, సిస్టరమ్మలు నడిపే దవాఖానాలు ఆ చెట్టు కొమ్మలే. కొత్త పోపుగారి పేరు మనకు కొత్తది కాదు, మన ప్రాంతపు చర్చి రికార్డుల మొదటి పేజీల్లోనే ఉన్న పేరు.

కొత్త పోపును ఎన్నుకునే కార్డినళ్ల సమావేశం, కాన్‌క్లేవ్‌లో ఓటు వేసిన 133 మందిలో పూల ఆంథోనీ గారు ఉన్నారు. కర్నూలు వైపు చిందుకూరులో పేద ఇంట పుట్టిన మనిషి, 2022లో కార్డినల్ అయ్యారు, తెలుగువాళ్లలో మొదటివారు, దళితుల్లో దేశంలోనే మొదటివారు. సిస్టీన్ చాపెల్‌లో ఆయన నడిచి వెళ్తుంటే మన వాడల్లో టీవీల ముందు చప్పట్లు కొట్టారు, కొట్టాలి కూడా. అదే వాడలో క్రైస్తవుడినని రాయించుకున్న మాల, మాదిగ పిల్లవాడు ఎస్సీ కాదు, బీసీ-సీ, వాటా ఒక్క శాతం. ఎస్సీ హోదా హిందువులకే అన్న 1950 రాష్ట్రపతి ఉత్తర్వును సిక్కుల కోసం 1956లో, బౌద్ధుల కోసం 1990లో మార్చారు, క్రైస్తవుల సంగతి 2025 మే నాటికి బాలకృష్ణన్ కమిషన్ ముందే ఉంది. 2022లో కేంద్రం వేసిన కమిషన్ అది, అప్పటికి నివేదిక రాలేదు. ప్రభుత్వాన్ని ఎంత అడిగినా చర్చి తన ఇంటినీ చూసుకోవాలి. కథోలిక చర్చిలోనే అంటరానితనం ఉందని 2016లో పీఠాధిపతుల సమాఖ్య తన దళిత విధాన పత్రంలో ఒప్పుకుంది. ఒప్పుకోవడం ధైర్యమే. మరి ఊళ్లో శ్మశానం వేరువేరుగా ఉన్న చోట ఏం చేశారు? వలస పోయేదీ ఎక్కువగా ఈ వాడలవాళ్లేనని, పూజకు వచ్చేదీ వాళ్లేనని ఫాదర్లకు మేం చెప్పాలా?

అందుకే ఫాదర్లకు, ఉపదేశులకు మా విన్నపం. ఫ్లెక్సీలు కట్టండి, మిఠాయిలు పంచండి, కాదనం. దాంతోపాటు ఒక ఆదివారం పూజ అయ్యాక ఆ లేఖలో కూలి గురించి ఉన్న నాలుగు మాటలు మన తెలుగులో, మన యాసలో చదివి వినిపించండి. మీ బడుల్లో ఊడ్చే ఆయమ్మకు, పాఠం చెప్పే టీచరుకు ఇచ్చే జీతం ఆ మాటల ముందు నిలుస్తుందా అని మీరే చూసుకోండి. గుడి వరండాలో ఒక నోటుబుక్కు పెట్టండి, ఎవరు, ఏ మేస్త్రీతో, ఏ ఊరికి, ఎంత అడ్వాన్సుతో, ఎంతమంది పిల్లల్ని వెంట తీసుకుని పోతున్నారో రాయండి, మేస్త్రీ ఫోన్ నంబరు కూడా. క్రైస్తవులవే కాదు, ఆ ఊరి నుంచి పోయే ప్రతి ఒక్కరి పేరూ రాయండి. అక్కడ జీతం ఎగ్గొట్టినా, ప్రమాదం జరిగినా కార్మిక శాఖ ముందు పెట్టడానికి చేతిలో ఒక కాగితం ఉంటుంది. ఇప్పుడది లేకనే శవం వచ్చాక కూడా ఎవడి దగ్గర పనిచేశాడో తెలియని ఇళ్లు ఉన్నాయి.

మే నెలలో చాలామంది పెళ్లిళ్లకు ఊళ్లలోనే ఉంటారు. గుంపులు మళ్లీ పెద్దగా కదిలేది దసరా తర్వాత. ఆలోపు ఆ నోటుబుక్కు మొదలుపెట్టిన విచారణ (ఒక ఫాదర్ కింద ఉండే చర్చి) ఏదైనా ఉంటే మాకు కబురు చేయండి, మా విలేకరిని పంపిస్తాం.